కిటికీలోంచి కర్చీఫు

“బావా, కోపెన్‌హేగన్‌లో రైలు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు ఏసేస్తాను. సీటు మనదే కదా?” అని స్పీకరు పెట్టి మొగుణ్ణి అడిగింది అరుణశ్రీ.

ఒళ్లో ఏడాది పిల్ల. ఎదురుగా క్యాలెండరు కాగితం. కళింగపట్నం నుంచి ఈశ్వర్ పనిచేస్తున్న డెన్మార్కు ఊరు ఓడెన్సే దాకా ఎక్కాల్సినవీ దిగాల్సినవీ దాని వెనక రాసుకుంది. తొమ్మిదో తరగతితో ఆగిన చదువు కదా, ప్రయాణం కంటే భయాలే ఎక్కువ చోటు తీసుకున్నాయి.

“ఆ రైలుకి కిటికీలు తెరుసుకోవే” అన్నాడు ఈశ్వర్.

ఎండుచేపలు ఏరుతున్న అత్త గురమ్మ పకపకా నవ్వింది. “ఒరే, నీ పెళ్లాం డెన్మార్కుని శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సనుకున్నాదిరా!”

అరుణశ్రీ ముఖం ఎర్రబడింది. కిటికీ సంగతే తెలియని మహాతల్లి పిల్లను చంకనేసుకుని సముద్రాలు దాటుతుందట!

“నా వల్ల కాదు బావా. టిక్కెట్లు రద్దు సేసెయ్.”

గురమ్మకి అనుమానం వచ్చింది. “అవున్రా, అవి తెరుసుకోవని నీకెలా తెలిసినాది?”

“తొలిరోజు నేనూ ఏసినానమ్మా” అన్నాడతను గొంతు తగ్గించి. “అద్దానికి తగిలి కింద పడిపోనాది. అందరూ నన్నే సూసినారు.”

అరుణశ్రీ ఫోను దగ్గరగా జరిగింది. “మరి కర్చీఫు తీసుకున్నావా బావా?”

“సిగ్గేసి అక్కడే ఒగ్గేసినాను.”

ఆమె కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది. పట్టుకెళ్లాల్సిన సామాన్ల చివర ‘బావకి కర్చీఫు’ అని రాసుకుంది.