వాడి చూసిందే చెప్పాలి

"మూత తీసినా. నా ముందరే నీ మొగానికి పూసుకో మే."

తనూజ తెల్లటి క్రీము డబ్బాను చాప మీద పెట్టి నిఖత్ వైపు తోసింది. ముఖానికి చుట్టుకున్న చున్నీ ఇంకా విప్పలేదు. జమ్మలమడుగు బస్టాండు నుంచి ఈ ఇంటిదాకా నడిచేసరికి ఎండకు చున్నీ కింద చెంపలు భగభగ మండుతున్నాయి.

నిఖత్ డబ్బాను ముట్టుకోలేదు.

"చెయ్యి రాలేదా? నాకు చెప్పేటప్పుడు నోరు బాగా వచ్చెనే!"

"తప్పు నాదే తనూ. తిట్టు. కొట్టినా పడతా."

ప్రొద్దుటూరులో ఒక ఫ్యాన్సీ స్టోరులో ఇద్దరివీ పక్కపక్క కౌంటర్లు. నిఖత్ రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చేది. వచ్చినవాళ్ళకు ప్రతి సబ్బునూ ప్రతి పౌడరునూ పొగడడమే వాళ్ళ ఉద్యోగం. పొద్దంతా నోరు నొప్పి పుట్టేలా పొగిడి, సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం ఒకరికొకరు నిజం చెప్పుకునేవాళ్ళు. ఏ సబ్బుకు ఒళ్ళు పగులుతుందో, ఏ కాటుక చెమటకు కారదో, ఎవరి బండి మీద బొరుగుల ఉగ్గాని పొడిపొడిగా ఉంటుందో, ఏ అంగట్లో నన్నారి షర్బత్తులో నిమ్మకాయ కక్కుర్తి పడకుండా పిండుతారో. తాను వాడి చూడనిది, తిని చూడనిది రెండోవాళ్ళకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఊరందరికీ అబద్ధాలు చెప్పి బతికే ఇద్దరికీ అదొక్కటే తెరిపి.

అందుకే నిఖత్ ఈ డబ్బా తెచ్చి, "మా ఇమ్తియాజన్న కువైట్ నుంచి పంపినాడు. నేను పూసుకుంటాండా, ఎంత నున్నగా అయిందో చూడు" అన్నప్పుడు తనూజ ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రే పూసుకుంది.

మొదట్లో ముఖం మెరిసింది. తర్వాత ఎర్రబడింది. ఆ పైన పొక్కులు లేచి, పొరలు ఊడసాగాయి. డాక్టరమ్మ డబ్బాను వాసన చూసి, "ఎవరు చెప్పినారమ్మా నీకు? ఏందేందో మందులు కలిపినారు దీంట్లో. మచ్చలు పోతాయని నేను మాట ఇయ్యలేను" అంది. ముఖం బాగయ్యేదాకా కౌంటరు దగ్గరికి రావద్దన్నాడు స్టోరు యజమాని. సంగతి తెలిసిన రోజే నిఖత్ పని మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తనూజకు మిగిలింది అమ్మే. పులివెందుల నుంచి వచ్చిన సంబంధంవాళ్ళు పిల్ల ఛాయ తక్కువని వెళ్ళిపోయినప్పుడు అమ్మ రాజేశ్వరమ్మ వీధిలోకి వచ్చి మరీ అరిచింది. "నా బిడ్డ రేగడి నేల మాదిరి నిగనిగలాడతాంది! కండ్లుండేవాళ్ళు వస్తారు లే!" చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగింది కనకనే తనూజ అద్దం ముందు ఎన్నడూ తల దించలేదు. ఇప్పుడూ అమ్మే పక్కన కూర్చుని ముఖానికి పెరుగు పట్టిస్తూ నిఖత్‌ను దుమ్మెత్తి పోస్తోంది. "దాని గడప తొక్కితే నా మీద ఒట్టే. అడిగి ఏం లాభం? పోయిన మొగం వస్తాదా?"

అయినా తనూజ ఆగలేకపోయింది. బస్సెక్కాక అమ్మకు ఫోన్ చేసి, జమ్మలమడుగు పోతాండానని చెప్పి, ఆమె నోరు తెరిచేలోపే ఫోన్ ఆపేసింది.

నిఖత్ తల్లి దిల్షాద్‌బీ నన్నారి గ్లాసులతో లోపలి నుంచి వచ్చింది.

"శానా దినాలకు వచ్చినావు బిడ్డా. ఆ చున్నీ తీయ్, ఉక్కపోస్తాది."

తనూజ తీసింది. దిల్షాద్‌బీ గ్లాసులు కింద పెట్టేసి దగ్గరికి వచ్చింది.

"యా అల్లా! ఏంది బిడ్డా ఇది?"

"మీ ఇమ్తియాజ్ పంపిన క్రీము, చిన్నమ్మా."

"వాడా? వాడు ఖర్జూరాలు పంపుతాడు, పాలపొడి పంపుతాడు. క్రీములు యాడ పంపె? మా నిఖత్ ఏమన్నా పూసుకుంటే గదా! రోజ్ వాటర్ తప్ప మొగానికి ఇంకోటి తాకనియ్యదు."

తనూజ స్నేహితురాలి నున్నటి చెంపల వైపే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు పూసుకోనే లేదు?"

"లేదు."

"అన్న పంపలేదు?"

"లేదు."

"మరి యాడిది మే?"

"అదొక్కటి అడగొద్దు తనూ. ప్రమాణం చేసినా."

"ప్రమాణమా! మనం పెట్టుకున్న ఒట్టు యాడికి పోయింది?"

"నీకు మంచి జరుగుతాదనే అనుకున్నా. అల్లా మీద ఆన."

"కౌంటర్లో చెప్పే మాటలు నాకు చెప్పినావు. నన్ను గూడా గిరాకీని చేసినావు గదా మే!" తనూజ ఏడ్చేసింది. ముఖం మండినప్పుడు కూడా ఇంత ఏడవలేదు.

చాప మీద నిఖత్ ఫోన్ మోగింది. తెర మీద 'పెద్దమ్మ' అని వచ్చింది. రాజేశ్వరమ్మను నిఖత్ పిలిచే పిలుపు అది. నిఖత్ గబుక్కున కట్ చేయబోయింది. తనూజ లాక్కుంది.

"మా అమ్మ తిట్లు నువ్వొక్కదానివే వింటే యాడ చాలు? మీ అమ్మను గూడా విననీ."

"వద్దు తనూ, నీకు దండం పెడతా. ఫోను ఇయ్!"

తనూజ స్పీకర్ నొక్కి, ఫోన్‌ను డబ్బా పక్కనే పెట్టింది. తిట్లు రాలేదు. ఎవరైనా వింటారేమోనన్నట్టు, అమ్మ గొంతు గుసగుసగా వినిపించింది.

"నిఖత్ తల్లీ, అదొస్తాంది, ఆ డబ్బా నేనిచ్చినానని మాత్రం చెప్పొద్దు."