స్టేషన్లో మిక్సీ

“ఇది పోలీస్ స్టేషనమ్మా. మిక్సీలు రిపేరు చేసేవాడు పక్క వీధిలో ఉండాడు,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మునెయ్య, ఇందిరమ్మ బల్ల మీద పెట్టిన సంచిలోకి తొంగిచూసి.

“తెలుసప్పా. మిక్సీకి రోగమేం లేదు. ప్లగ్గు యాడుండాది?”

ఆమె పక్కనే హరిత సెల్‌ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కనుబొమ్మ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. భర్త ఉమాశంకర్ మదనపల్లెలో టమోటా వ్యాపారం చేస్తాడు. పెళ్లాం పుంగనూరులో పగలంతా ఒంటరిగా ఉంటుందని దసరాకి ఫోన్ కొనిచ్చినప్పుడు వీధి వీధంతా మెచ్చుకుంది. ఆ మహానుభావుడు గంటగంటకూ ఫోన్ చేస్తాడు. అనుమానమొస్తే సాయంత్రం వచ్చి అదే ఫోన్‌తో కొడతాడు.

“మొగుడు ఫోన్ చేస్తే తప్పేముందమ్మా? ప్రేమ కొద్దీ...” అని మునెయ్య అంటుండగానే ఫోన్ మోగింది. హరిత తెర మీద మొగుడి పేరు చూసి ఇందిరమ్మకేసి తిరిగింది.

ఇందిరమ్మ ఆమె వీపు నిమిరింది. “నేనుండా కదమ్మా, ఎత్తు. సారు కూడా వినేటట్టు స్పీకర్ వెయ్.”

“యాడ సచ్చినావే?”

“ఇంట్లోనే ఉండా.”

“అట్లనా? మిక్సీ వెయ్, వింటా.”

మునెయ్య నోరు తెరిచాడు. ఇందిరమ్మ అప్పటికే గోడ ప్లగ్గుకు తగిలించిన మిక్సీ స్విచ్చి నొక్కింది. జార్ గర్రుమంది. ఖాళీ జార్ అయితే వాడు పసిగట్టేస్తాడని వేయించిన చెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు కూడా వేసుకొచ్చింది మహాతల్లి. స్టేషనంతా కమ్మటి వాసన.

“సరే. గడప దాటినావంటే ఈసారి కన్నే పొడుస్తా,” అని ఫోన్ పెట్టేశాడు.

మునెయ్య లేచి హరితకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. “రోజూ ఇంతేనామ్మా?”

“ఇంట్లో ఉండానని మిక్సీయే చెప్పాల సార్. మొన్న కరెంటు పోయింది,” అంటూ హరిత కుట్లు తడుముకుంది.

“పొద్దున్నుంచి ఏమీ తినలేదప్పా నా బిడ్డ.” ఇందిరమ్మ క్యారియర్‌లోంచి సంగటి తీసి, జార్‌లోని పొడి అద్ది, ముద్ద ఆమె నోట్లో పెట్టింది. హరిత ఏడుస్తూనే తినింది.

మునెయ్య టోపీ పెట్టుకుని బయల్దేరాడు. “నీయట్లాంటి తల్లుంటే ఏ ఆడబిడ్డకైనా భయమేంటికమ్మా? నీ అల్లుడి సంగతి నేను సూస్తా పద.”

ఇందిరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“అల్లుడు కాదప్పా. వాణ్ణి కన్నది నేనే.”