వీపు మీద చెయ్యి

యాభై దాటాక ఓదెలుకు షుగర్ వచ్చింది. డాక్టర్ సైకిల్ తొక్కమన్నాడు. మందమర్రి గనిలో తనతో పనిచేసే ప్రేమ్‌సాగర్‌ను కూడా లాక్కుని రోజూ చీకటితోనే బయలుదేరేవాడు. మూసేసిన పాత గని పక్కనున్న ఎత్తు రాగానే ఇద్దరూ రొప్పుతూ దిగి, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ సైకిళ్లు నడిపించుకునేవారు.

ఆ రోజు ఓదెలు దిగబోతుండగా వెనుక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి ఆనించి మెల్లగా తోశారు. సైకిల్ సులువుగా ఎత్తెక్కసాగింది.

“సాగరన్నా, నీకు గింత బలం యాడికెల్లి వచ్చిందే!” అని ఓదెలు పగలబడి నవ్వాడు.

వెనుక కూడా ఎవరో సన్నగా నవ్వారు. ఓదెలు సంబరంగా బెల్లు మోగిస్తూ తొక్కాడు. దిగకుండా ఎక్కేశానని ఇంటికెళ్లి భార్య రేవతికి చెప్తే ఆమె నమ్ముతుందా!

ఎత్తు మీదికి చేరాక, చాలా కింద నుంచి కేక వినిపించింది.

“ఓదెలన్నా, జర ఆగే! నా చైన్ ఊడింది!”

అది ప్రేమ్‌సాగర్ గొంతు.

చెయ్యి ఇంకా వీపు మీదే ఉంది. ఓదెలు వెనక్కి తిరగలేదు. గొంతు సవరించుకుని మర్యాదగా అన్నాడు.

“ఇగ చాలన్నా. ఇక్కడికెల్లి రోడ్డంతా దిగుడే.”

ఆ చెయ్యి ఆప్యాయంగా వీపు తట్టింది. మళ్లీ అక్కడే ఆనింది.