రెండు పైన్‌లు, ఒక బట్టీ

కాలిఫోర్నియా కొండల్లో టర్పెంటైన్ కోసం పైన్ చెట్ల జిగురు కాచే బట్టీ కింద అగ్గిపుల్ల గీయబోతున్న మేస్త్రీ హార్లన్‌కు వంటమనిషి టేబిథా అడ్డం నిలబడింది.

“ఇది పాండరోసా పైన్ జిగురు కాదండీ, జెఫ్రీ పైన్‌ది. దాని కాయ చేతికి గుచ్చుకుంటుంది, దీనిది గుచ్చుకోదు. దీని ఆవిరికి మంట తగిలితే పేలుతుంది.”

“గరిటె తిప్పేదానివి, పైన్ గురించి నా పైనే పెత్తనమా? రెండూ ఒకటే. పోయినసారి బట్టీ నీ మొగుడు తాగి మంట పెంచితే పేలింది, వాడూ పోయాడు.”

“మీరు తాగలేదుగా. వెలిగించండి.”

హార్లన్ వెటకారంగా నవ్వి, చుట్టూ ఉన్న కూలీల్లో ఒకణ్ణి పిలిచాడు.

“అతనెందుకు? మీరే.”

హార్లన్ అగ్గిపుల్లను పెట్టెలో పెట్టేశాడు. ముప్పయ్యేళ్ళ అనుభవం ఒక అడుగు వెనక్కి వేసింది.

“జిగురంతా పారబోయండ్రా,” అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

టేబిథా కదల్లేదు. “నా మొగుణ్ణి తాగుబోతని అందరి ముందూ అన్నారు. కాదని కూడా అందరి ముందే అనండి.”