తోమిన హాఫ్ క్రౌన్

"ఎవరమ్మా దీన్ని తోమింది?"

పసిబిడ్డను ఎవరు కొట్టారని నిలదీసినట్టుంది ఆ అడగడం. ఐవీకి ఒళ్లు మండింది.

"నేనే. అద్దంలా మెరవడం లేదూ?"

బల్లకు అవతల నిలబడ్డ బక్కపల్చటి మనిషి కంటి దగ్గర నుంచి భూతద్దం తీశాడు. మెచ్చుకోలేదు.

ఇంగ్లండులోని హాలిఫాక్స్ చర్చి హాల్లో ఆ శనివారం పాత నాణేల సంత. హాఫ్ క్రౌన్లు, ఫార్దింగులు చెల్లకుండా పోయి ఇరవయ్యేళ్లు దాటింది. అయినా వాటి కోసం పొద్దున్నే జనం బారులు తీరారు.

ఐవీ బల్ల మీద ఉన్నది ఒకే ఒక్క నాణెం. ఏడో ఎడ్వర్డ్ రాజు తలతో, 1905 నాటి హాఫ్ క్రౌన్. ఆ ఏడాది ముద్రించినవి తక్కువ కాబట్టి గిరాకీ ఎక్కువ.

ఆమె భర్త పెర్సీ బస్సు కండక్టరు. ఓ రోజు టికెట్ల చిల్లరలో అది కనబడింది. తన జేబులోని హాఫ్ క్రౌన్ సంచిలో వేసి, దీన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. చచ్చేదాకా దాచుకున్నాడు.

ఆయన పోయి ఏడాదిన్నర. సమాధి దగ్గర ఇంకా చెక్క గుర్తే ఉంది. ఇది అమ్మి రాయి నిలబెట్టాలని ఐవీ పట్టుదల.

"సంత కరపత్రంలో ఈ నాణెం పక్కన మీవారి పేరు చూసి, రెండు బస్సులు మారి వచ్చాను," అన్నాడతను.

"అయితే కొంటారా?"

"కొనను. ఇది మీవారి నాణెం కాదమ్మా."

"మరి మీ నాయనదా?"

అతను నవ్వలేదు. జేబులోంచి చిన్న త్రాసు తీసి నాణెం పెట్టాడు.

"పద్నాలుగు గ్రాములు దాటాలి. పన్నెండే ఉంది. ఎవరో పోతపోసిన నకిలీ ఇది. పోత గుర్తులన్నీ మీరు తోమడంతో పోయాయి. తోమమని చెప్పిందెవరు?"

"క్లిఫ్. మావారు టికెట్లు కొట్టిన బస్సుకి డ్రైవరు. పాతికేళ్ల స్నేహం. విలువ కట్టించుకొస్తానని తీసుకెళ్లి, వారంలో తెచ్చిచ్చాడు. పాలిష్ డబ్బా కూడా తనే కొనిచ్చాడు."

"అమ్మా, ఒక్క నిమిషం బయటికి వస్తారా? మీతో విడిగా మాట్లాడాలి."

అంతలో రెండు కప్పుల టీతో క్లిఫ్ వచ్చాడు. ఆ మనిషిని చూడగానే సగం టీ సాసర్లోకి ఒలికింది.

"ఐవీ! వీడితో మాటలేంటి నీకు? మొగుడు పోయిన ఆడవాళ్ల బల్లల చుట్టూ తిరిగే రకం వీడు. నకిలీదని బెదరగొట్టి, పావలా వంతుకి కొట్టేస్తాడు."

"నేను కొంటానని అనలేదే..."

"నోరు ముయ్! ఇక్కడికి రావద్దు, కొనేవాణ్ని నేను చూస్తానని అందుకే చెప్పాను ఐవీ. విన్నావా?"

ఐవీ నాణెం గుప్పిట్లో పెట్టుకుని లేచింది.

"చచ్చినవాడి సొత్తు మీద పడ్డావేమయ్యా! నీకు తల్లీ పెళ్లాం లేరా? దొంగవెధవా, నడు!"

హాలంతా ఇటు తిరిగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి, క్లిఫ్ వంకా ఆమె వంకా చూసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

"ఇంక ఇక్కడెందుకు? ఇంటికి పోదాం," అన్నాడు క్లిఫ్. "నువ్వు టీ తాగు. కారు తెస్తాను."

ఐవీ టీ తాగింది. కోటు వేసుకుంది. కారు రాలేదు.

వాకిట్లో టికెట్లు చించే బెరిల్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకే అంత గోల?"

"నాణెం తోమానని నన్ను తప్పుపట్టడానికొచ్చాడు ఒకడు."

"తోమావా! అయ్యో, తోమితే సగం విలువ గంగలో కలిసినట్టే కదే. నాణేలవాళ్లకి అది ఓనమాలు."

"క్లిఫే తోమమన్నాడు."

"క్లిఫా? కొత్తగా చేరినవాళ్లకి తోమొద్దని మొదటిరోజే చెప్పేది అతనే. పదేళ్లుగా మా నాణేల సంఘం కార్యదర్శి."

ఐవీ గుప్పిట విప్పింది. అరచేతిలో నాణెం ధగధగలాడుతోంది. కిటికీలోంచి చూసింది. పొద్దున క్లిఫ్ కారు ఆపిన చోటు ఖాళీగా ఉంది.

"ఇదిగో, ఆ బక్కాయన నీకిమ్మని వెళ్లాడు," అంటూ బెరిల్ ఓ చిన్న కాగితం కవరు అందించింది.

కవరు మీద బస్సు నంబరు, తేదీ, పెర్సీ పేరు. పెర్సీ చేతిరాతే. లోపల నల్లబడిన హాఫ్ క్రౌన్.

ఐవీ దాన్ని బల్ల మీద పెట్టి, తన చేతిసంచి తెరిచింది.

"ఎంత ఇమ్మన్నాడు?"

"పైసా వద్దన్నాడు. పేరడిగితే చెప్పలేదు. బస్సెక్కి పోయాడు."

"ఎవరే ఆయన?"

"పోయిన నెల క్లిఫ్ దగ్గర దీన్ని తొమ్మిది వందల పౌండ్లు పోసి కొన్నది ఆయనేనట."