ఫ్రీజర్‌లోంచి నేరుగా

తలుపు తీయగానే ఎదురుగా ఒకావిడ. చేతిలో చిన్న సంచి.

"ఇంత ఆలస్యమా అమ్మా? సాయానికి మనిషిని తొమ్మిదింటికే పంపిస్తానంది కింది ఇంటావిడ. రా, లోపలికి రా."

"అది కాదండీ, నేను..."

"కబుర్లు తర్వాత. పన్నెండింటికల్లా చుట్టాలు దిగుతారు."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికి వచ్చింది.

వంటగది బల్ల మీద టార్ట్ ఉంది. అడుగున పిండి రేకు, మధ్యలో బాదం ముద్ద, పైన బేరిపండు ముక్కలు. ఇల్లాలు వారం క్రితమే చేసి, కాల్చకుండా ఫ్రీజర్‌లో దాచింది. ఇప్పుడే తీసి ఫ్యాను కింద పెట్టింది.

"అయ్యో, కరగనివ్వకండి! అడుగు తడిసి ముద్దవుతుంది. గడ్డగా ఉన్నప్పుడే ఓవెన్‌లో పెట్టేయాలి. కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే."

"నీకెలా తెలుసు?"

"మా ఇంట్లో తరచూ చేస్తానండీ."

"పనిచేసే ఇంటిని మా ఇల్లు అంటున్నావే! మంచిదానివి."

టార్ట్ ఓవెన్‌లోకి వెళ్లింది. ఆవిడ గిన్నెలు తోముతుంటే ఇల్లాలు మనసులోది వెళ్లగక్కింది.

"మా అమ్మాయికి కాబోయే అత్తగారు మొదటిసారి వస్తోంది. మొహం కూడా చూడలేదు. ఆవిడ గీసిన గీత ఇంట్లో ఎవరూ దాటరట. తలుచుకుంటేనే భయమేస్తోంది."

"ఎవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా? అత్తగార్లంతా అంతే కదా!"

ఆవిడ గిన్నెను ఇంకాస్త గట్టిగా తోమింది.

"ఆవిడకీ భయంగానే ఉందేమోనండీ."

"ఎందుకూ? నన్ను చూసా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

బయటికి తీయడానికి ఇంకో పది నిమిషాలుందనగా ఆవిడే బాదం పలుకులు చల్లింది. టార్ట్ బంగారు రంగు తిరిగింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

ఇల్లాలి కళ్లు చెమర్చాయి.

"నా పరువు నిలబెట్టావు తల్లీ!" అంచున విరిగిన ముక్కను కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "ఇక వెనక గుమ్మంలోంచి వెళ్లిపో. అంతా నేనే చేశానని చెప్పుకోవాలి మరి."

"తప్పకుండా చెప్పుకోండి," అని ఆవిడ మెట్లు దిగింది.

కాసేపటికి కాలింగ్ బెల్ మోగింది. ముందు గుమ్మంలో అమ్మాయి, పక్కనే అబ్బాయి.

"రా బాబూ, రా! అమ్మగారు రాలేదేం?"

అమ్మాయి తల్లి భుజం మీదుగా హాల్లోకి తొంగిచూసింది.

"అదేంటమ్మా! మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకుంటారని, గంటన్నర క్రితమే అత్తయ్యగారిని మన ఇంటి ముందు దింపేసి వెళ్లాం... ఏరీ?"