తిరుపతికి సున్నా

చిత్తూరు పలకలేదు.

మహిత మళ్లీ పిలిచింది. ఊహూఁ. నాయుడుపేటను పిలిచింది. అదీ అంతే.

నిజం ఊళ్లు కావులెండి, కంప్యూటరు తెర మీది బొమ్మ ఊళ్లు. తిరుపతి ఆఫీసు, చిత్తూరు ఆఫీసు, నాయుడుపేట ఆఫీసు. మూడింటికీ నెట్‌వర్కు కట్టాలి. ఒక ఊరి కంప్యూటరు పిలిస్తే ఇంకో ఊరిది పలకాలి.

ఎవరివి ముందు పలికితే వాళ్లకే ఉద్యోగం. ఉన్నది ఒక్క ఉద్యోగం, వచ్చింది ఏడుగురు.

అది రెండువేల అయిదో సంవత్సరం. నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తే చాలు, కంపెనీలే ఇంటికొచ్చి పిలుచుకుపోతాయని ఊరంతా చెప్పుకునేవారు. వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చి కోర్సు పూర్తి చేసిన మహితను మాత్రం ఏ కంపెనీ పిలవలేదు. ఈలోగా నాయన పనిచేసే మగ్గాల షెడ్డు మూతపడింది. ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. ఈ ఉద్యోగమూ పోతే ఇక ఏం చేయాలో ఆ పిల్లకు తెలియదు.

"సున్నా యాడుండాది పాపా?"

పక్క కుర్చీలోంచి వచ్చిందా గొంతు. నలభై అయిదు దాటిన మనిషి. గళ్ల చొక్కా, మెడలో దారానికి వేలాడుతున్న కళ్లద్దాలు. ఈ వయసులో ఈయనకెందుకొచ్చిన పరీక్ష అని మహిత ఇందాకే అనుకుంది.

"మీ పని మీరు చూసుకోండి సార్. నా తెరలోకి తొంగిచూస్తారేంది?"

ఆయన నొచ్చుకోలేదు. తన పనిలో పడ్డాడు.

మహిత అంతా మొదటి నుంచి సరిచూసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఏ ఊళ్లో వాళ్లు ఆ ఊళ్లో చక్కగా మాట్లాడుకుంటున్నారు. ఊరు దాటాలంటేనే దారి కనిపించదు. ఏం మాయరోగం దీనికి! కళ్లు మసకబారాయి. ముక్కు ఎగబీల్చింది.

ఆ చప్పుడుకు ఆయన మళ్లీ తిరిగాడు. మేనేజరు ధనంజయ వరండాలో ఫోను మాట్లాడుతున్నాడు.

"ఏడవద్దు పాపా. ఏ ఊరికి ఏం నెంబరిచ్చినావు?"

"తిరుపతి ఏరియాకు ఒకటి, చిత్తూరుకు రెండు, నాయుడుపేటకు మూడు."

"సున్నా ఎవురికీ ఇయ్యలేదే?"

"సున్నాతో ఎవరన్నా మొదలుపెడతారా సార్? సున్నా మంచిది కాదని మాయమ్మ చదివింపులకు పోయినా వంద రాయించదు. నూటపదహార్లే."

ఆయన నవ్వాడు.

"పెండ్లింట్లో మీయమ్మ మాటే రైటు. ఈడ మాత్రం సున్నా ఏరియానే నట్టిల్లు. ఏ ఊరి కబురైనా ఆడికొచ్చే ఇంకో ఊరికి పోవాల. అది లేకపోతే ఎవురి తలుపులు వాళ్లేసుకోని కూర్చుంటారు."

"మా కోర్సులో ఒక్క ఏరియాతోనే చేయించినారు సార్. ఇది చెప్పనే లేదు."

"పోనీలే. చిత్తూరూ నాయుడుపేటా రెండూ తిరుపతినే ఆనుకోనుండాయి కదా. తిరుపతికి ఒకటి తీసేసి సున్నా పెట్టు. దాన్ని తాకే ప్రతి రూటర్లోనూ మార్చాల. నిదానంగా చెయ్యి, టైముండాది."

మహిత మార్చడం మొదలుపెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆమె తెరనే చూస్తూ కూర్చున్నాడు.

"అదిగో, నాయుడుపేట పక్కది మర్సిపోయినావు."

అదీ మార్చింది.

చిత్తూరు పలికింది. నాయుడుపేట పలికింది!

"సార్! నాది అయిపోయింది సార్!" మహిత ఎగిరి లేచి వరండా వైపు అరిచింది.

అరిచాక చూసింది ఆయన తెర వైపు. తిరుపతి, చిత్తూరు కలిసి ఉన్నాయి. నాయుడుపేట ఒక్కటే మిగిలింది. ఆయన వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయి ఉన్నాయి.

మేనేజరు వచ్చి మహిత పని చూశాడు. తల ఊపాడు.

"మిగతావాళ్లు లేవండి."

"సార్, నాది ఇంకొక్క ఊరే..." అన్నాడాయన.

"ముందు పూర్తి చేసినోళ్లకేనని చెప్పినా కదా. లేవండి."

ఆయన లేచాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"బాగా చేసినావు పాపా" అని బయటికి నడిచాడు.

పేరైనా అడగలేదే అని మహిత మనసు పీకింది. కానీ నాయనకు ఫోను చేయాలన్న తొందరలో ఆయన వెనకాల పరుగెత్తలేదు.

ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరింది. ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచింది. ఒక పొట్లం మాత్రం విడిగా దాచి, లెక్కలు చూసే పంకజాక్షి దగ్గరికి వెళ్లింది.

"అక్కా, ఆ పొద్దు పరీక్షకు ఒక పెద్దాయనొచ్చినాడు. గళ్ల చొక్కా, మెడలో కళ్లద్దాలు. ఆయన అడ్రసు దొరుకుతాదా?"

"ఎందుకు?"

"ఆయన చెప్పబట్టే నాకీ ఉద్యోగమక్కా. దేవుడిలాంటి మనిషి. నేనేమో ఆయన్ని కసురుకున్నా. మంచిరోజు చూసి మేనేజరు సారును అడిగి, ఆయనకూ ఈడ ఏదన్నా పని ఇప్పించాలని ఉండాది."

పంకజాక్షి తింటున్న మైసూరుపాకు ముక్కను కాగితంలో పెట్టేసింది.

"ఆయన పేరు పెంచలయ్య. ఇప్పుడు ఊళ్లో లేడు. నాయుడుపేటలో ఏదో కొత్త ఫ్యాక్టరీ కడతాంటే, ఆడ కేబుళ్లు లాగే కూలికి పోయినాడు."

"అయ్యో, అంత తెలిసిన మనిషి కూలికా! మీకాయన ఎట్లా తెలుసక్కా?"

పంకజాక్షి కళ్లు తుడుచుకుంది.

"ఈ ఆఫీసు పెట్టినప్పటి నుంచి నువ్వు కూర్చున్న కుర్చీ ఆయనదే పాపా. ఉద్యోగం నిలవాలంటే బయటోళ్లతో పాటు పరీక్ష రాసి గెలువు అని కొత్త మేనేజరంటే, ఆ పొద్దు నీ పక్కన కూర్చోని రాసింది ఆయన ఉద్యోగం ఆయన నిలబెట్టుకునేదానికే."